పదిహేను రోజుల రాజు, లెక్కలోకి రాని ఇరవై ఏడేళ్లు

రోమ్ చరిత్రలో క్రీ.శ. 69కి ‘నలుగురు చక్రవర్తుల ఏడాది’ అని పేరు. గాల్బాని జనవరిలో చంపారు. ఒథో ఏప్రిల్‌లో తనను తానే పొడుచుకున్నాడు. విటెల్లియస్‌ని డిసెంబరులో నడివీధిలోకి ఈడ్చి చంపారు. చివరికి వెస్పేసియన్ నిలిచాడు. గ్రూప్స్‌కి చదివే మన పిల్లలకు ఇదంతా కంఠతా వచ్చు. అదే పిల్లల్ని, ‘రెండేళ్లు తిరక్కుండా నలుగురు రాజులు మారిన తెలుగు రాజ్యం ఏది?’ అని అడిగి చూడండి, తెల్లమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదు. మన పాఠ్యపుస్తకాల్లో తూర్పు చాళుక్యులంటే కుబ్జ విష్ణువర్ధనుడు, గుణగ విజయాదిత్యుడు, ఆ తర్వాత ఒక్క గెంతులో రాజరాజ నరేంద్రుడు. నన్నయ వచ్చేశాడు కాబట్టి పాఠం అయిపోతుంది. ఆ గెంతు కింద పడిపోయిన కాలంలోనే అసలు కథ ఉంది.

ఈ తూర్పు చాళుక్యులు ఏలిన వేంగి అంటే ఏలూరు దగ్గరి పెదవేగి కదా, మన పొందూరు వాళ్లకు దాంతో ఏం పని అనొచ్చు. పొందూరులో విజయనగరం వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కితే సిగడాం, బాతువ దాటాక చీపురుపల్లి వస్తుంది. ఆ వంశానికి మూలపురుషుడైన కుబ్జ విష్ణువర్ధనుడి రాగిరేకులు దొరికింది ఆ ఊళ్లోనే. అవి అతని పద్దెనిమిదో పాలనా సంవత్సరం నాటివి. పైగా వేంగిలో ఓడినవాడు తలదాచుకోవడానికి పరిగెత్తింది చాలాసార్లు మన కళింగం వైపే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఈ రాగిరేకుల సంగతి తెలియాలి. రాజు ఎవరికైనా ఊరో పొలమో దానం చేస్తే ఆ మాట రాగిరేకుల మీద చెక్కించి, రేకులన్నీ ఒక కడియానికి గుచ్చి, కడియం మీద రాజముద్ర వేసేవారు. తూర్పు చాళుక్యుల ముద్ర మీద వరాహం ఉంటుంది. రేకులో అసలు దానం మాట కంటే ముందు దాత వంశం వస్తుంది. ఫలానా రాజు, అతని తర్వాత ఫలానా, ఒక్కొక్కరు ఎంతకాలం ఏలారు అనే చిట్టా. మన దేశంలో ఇంత పట్టుగా పాలనాకాలం లెక్క చెప్పిన వంశాలు తక్కువ. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు, అతని కొడుకు జయసింహుడు 33 ఏళ్లు, జయసింహుడి తమ్ముడు ఇంద్ర భట్టారకుడు 7 రోజులు. అవును, ఏడే రోజులు. ఆ తర్వాత కొంత దూరం పోతే కొక్కిలి, 6 నెలలు. ఇతన్ని తమ్ముడే గద్దె దించాడు. కొక్కిలి ఉత్తరానికి వచ్చి ఎలమంచిలి ప్రాంతంలో, అంటే మధ్యమ కళింగంలో, చిన్న రాజ్యం పెట్టుకున్నాడు. అతని సంతతి అక్కడ కొన్ని తరాలు నిలిచింది. ఆరు నెలలకే పదవి పోయినా ప్రాణం పోలేదు, వంశమూ పోలేదు. రోమ్‌లో ఈ వెసులుబాటు దాదాపు లేదు. అక్కడ సింహాసనం దిగడమంటే ఎక్కువసార్లు ప్రాణం పోవడమే.

అసలు చిక్కు గుణగ విజయాదిత్యుడితో మొదలైంది. 44 ఏళ్లు ఏలిన గట్టి రాజు, కొడుకులు లేరు. 892లో అతని తర్వాత తమ్ముడి కొడుకు చాళుక్య భీముడు రాజయ్యాడు. ఇంకో తమ్ముడు యుద్ధమల్లుడు ఒప్పుకోలేదు. బాబాయిని నేనుండగా అబ్బాయికి రాజ్యమేమిటన్నాడు. అతని వాదనను ఊరికే కొట్టిపారేయలేం. ఈ వంశంలో అన్న తర్వాత తమ్ముడు రాజైన సందర్భాలు ఉన్నాయి, తండ్రి తర్వాత కొడుకు రాజైనవీ ఉన్నాయి. ఏది నియమమో ఎక్కడా ఖాయంగా లేదు. పడమట మాన్యఖేటంలో కూర్చున్న రాష్ట్రకూట రాజు రెండో కృష్ణుడికి ఇంతకంటే ఏం కావాలి? యుద్ధమల్లుడి పక్షాన సేనను దించాడు. వేంగి రాష్ట్రకూటుల చేతికి పోయింది, భీముడు బందీ అయ్యాడు, మళ్లీ విడుదలై రాజ్యం నిలబెట్టుకున్నాడు. నిరవద్యపురం (ఇప్పటి నిడదవోలు), పెరువంగూరు దగ్గర జరిగిన యుద్ధాల్లో శత్రువును తరిమాడు గానీ, పదహారేళ్ల కొడుకును అక్కడే పోగొట్టుకున్నాడు.

అప్పటినుంచి వేంగిలో రెండు శాఖలు: భీముడి వాళ్లు, యుద్ధమల్లుడి వాళ్లు. ఈ రెండు పేర్లూ గుర్తుంటే తర్వాతి గందరగోళం సగం విడిపోతుంది.

భీముడు 30 ఏళ్లు ఏలాడు. అతని కొడుకు కొల్లభిగండ విజయాదిత్యుడు 6 నెలలకే పోయాడు. మనవడు మొదటి అమ్మరాజు 7 ఏళ్లు ఉన్నాడు. అమ్మరాజు పోగానే అతని చిన్న కొడుకు బేతడికి, అంటే ఐదో విజయాదిత్యుడికి, పట్టం కట్టారు. పదిహేను రోజులు గడిచాయో లేదో, యుద్ధమల్లుడి కొడుకు తాళరాజు వచ్చి పిల్లవాణ్ని చెరలో వేసి తాను గద్దెనెక్కాడు. నెల రోజులు ఉన్నాడు. చాళుక్య భీముడి ఇంకో కొడుకు విక్రమాదిత్యుడు తాళుణ్ని చంపి 11 నెలలు ఏలాడు. అతన్ని అమ్మరాజు మరో కొడుకు భీముడు పడదోసి 8 నెలలు ఏలాడు. ఆ భీముణ్ని తాళుడి కొడుకు రెండో యుద్ధమల్లుడు చంపేశాడు.

కూడి చూడండి: పదిహేను రోజులు, నెల, పదకొండు నెలలు, ఎనిమిది నెలలు. ఇరవై నెలల పైచిలుకులో నలుగురు రాజులు, ఐదోవాడు గుమ్మంలో. రోమ్‌కి ఏమీ తీసిపోలేదు.

ఐదోవాడు రాష్ట్రకూటుల అండతో 7 ఏళ్లు నిలిచాడు. నిలిచాడు అనడం కూడా ఎక్కువే. దాయాదులు, శబర నాయకులు, రాష్ట్రకూట సేనానులు నేలను ముక్కలుగా పంచుకుని ఎవరి పన్ను వారు వసూలు చేసుకున్నారని తర్వాతి రాజుల శాసనాలే చెబుతాయి. గెలిచినవాడి మాట కాబట్టి కొంత తగ్గించుకునే చదవాలి. కానీ ఏ ఊరి రైతుకు ఆ ఏడేళ్లు ఎలా గడిచి ఉంటాయో ఆ ఒక్క మాటలో తెలిసిపోతుంది. విచిత్రం ఏమిటంటే, తెలుగు పద్యానికి తొలి ఆనవాళ్లలో ఒకటైన బెజవాడ శాసనం యుద్ధమల్లుడి పేరు మీదే ఉంది. కార్తికేయుడి గుడి గురించి మధ్యాక్కర పద్యాల్లో చెక్కిన శాసనం అది. రాజ్యం చేతిలో లేనివాడి పేరు సాహిత్య చరిత్రలో భద్రంగా ఉంది.

ఇంతకీ రాజులు ఇంత త్వరగా ఎందుకు మారారు? అసమర్థులు, చిన్నవాళ్లు, దురాశాపరులు అని సరిపెట్టేయడం తేలిక. ఆ మాట నాకు నచ్చదు. రెండు సంగతులు కలిస్తేనే ఇలా జరుగుతుంది. తర్వాత ఎవరు అనే ప్రశ్నకు ఖాయమైన జవాబు లేకపోవడం ఒకటి. జవాబు చెప్పగల బలం రాజు చేతిలో కాక ఇంకొకరి చేతిలో ఉండటం రెండోది. రోమ్‌లో అగస్టస్ క్రీ.పూ. 27లో అధికారమంతా తన చేతిలోకి తెచ్చుకున్నాడు గానీ, పైకి గణతంత్రమే నడుస్తున్నట్టు చూపించాడు. రాజే లేడన్నప్పుడు రాజు వారసుడి గురించి చట్టం ఎలా రాస్తారు? ఆ ఖాళీలోకి సైన్యం వచ్చి కూర్చుంది. 193లో పెర్టినాక్స్ చక్రవర్తి సైనికుల్ని క్రమశిక్షణలో పెట్టబోయి 87 రోజులకే వాళ్ల చేతిలో చచ్చాడు. ఆ వెంటనే ప్రిటోరియన్ దళం, అంటే చక్రవర్తి అంగరక్షకులే, తమ శిబిరం గోడ దగ్గర సింహాసనాన్ని వేలం వేశారు. ఒక్కో సైనికుడికి 25,000 సెస్టెర్సులు ఇస్తానని డిడియస్ జూలియానస్ పాడుకున్నాడు. 66 రోజులు దక్కింది. డాన్యూబు నది వైపు నుంచి సేనలతో సెప్టిమియస్ సెవెరస్ దిగేసరికి కొనుక్కున్నవాణ్ని కాపాడటానికి అమ్మినవాళ్లు ఒక్కరూ ముందుకు రాలేదు. 238లో ఇంకా ఘోరం, ఒకే ఏడాదిలో ఆరుగురు చక్రవర్తులు.

వేంగిలో ఆ బలం పొరుగు రాజుది. మాన్యఖేటం గట్టిగా ఉన్నప్పుడు యుద్ధమల్లుడి శాఖ పైకి లేచింది. 930ల్లో రాష్ట్రకూట నాలుగో గోవిందుడి మీద సొంత సామంతులే తిరగబడ్డారు. ఆ అదనులో కొల్లభిగండుడి ఇంకో కొడుకు రెండో చాళుక్య భీముడు యుద్ధమల్లుణ్ని వెళ్లగొట్టి 12 ఏళ్లు ఏలాడు. భీముడి పరాక్రమాన్ని తక్కువ చేయడం లేదు, కాలం కలిసొచ్చిందని మాత్రం అంటున్నాను.

రోమ్‌కీ వేంగికీ తేడా ఇంకోచోట ఉంది. సైన్యం వెంట ఉంటే రోమ్‌లో ఎవరైనా చక్రవర్తి కావచ్చు. పెర్టినాక్స్ బానిసత్వం నుంచి విడుదలైనవాడి కొడుకు. వేంగిలో అది కుదరదు. దేశాన్ని గెలిచిన రాష్ట్రకూటులు కూడా గద్దె మీద చాళుక్యుణ్నే వెతికి కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఈ నియమం ఎంత గట్టిదో తెలియాలంటే కథ ఇంకొంచెం ముందుకు నడవాలి.

945 డిసెంబరు 5న భీముడి కొడుకు రెండో అమ్మరాజుకు పట్టాభిషేకం జరిగింది. అప్పటికి అతనికి పన్నెండేళ్లు. సవతి అన్న దానార్ణవుడు పక్కనే ఉన్నాడు. పాత చిక్కే మళ్లీ మొదలైంది. యుద్ధమల్లుడి కొడుకు బాదపుడు రాష్ట్రకూట మూడో కృష్ణుణ్ని తీసుకొచ్చాడు. అమ్మరాజు కొంతకాలం కళింగంలో తలదాచుకున్నాడు. తిరిగొచ్చి ఏలాడు గానీ, 970లో దానార్ణవుడి చేతిలో చనిపోయాడు. మూడేళ్లకు, 973లో, అమ్మరాజు బావమరిది జటాచోడ భీముడు దానార్ణవుణ్ని చంపి వేంగిని పట్టాడు. ఇతను పెదకల్లు తెలుగు చోడుడు, చాళుక్యుడు కాడు.

జటాచోడ భీముడు 27 ఏళ్లు ఏలాడు. నిలకడగా, గట్టిగా ఏలాడు. దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు దేశం విడిచి చివరికి తంజావూరులో రాజరాజ చోళుడి పంచన చేరారు. 999లో చోళ సేన అండతో శక్తివర్మ వేంగి గద్దెనెక్కాడు. ఆ తర్వాతి రేకులు జటాచోడుడి ఇరవై ఏడేళ్లను ఎలా లెక్కపెట్టాయో తెలుసా? దైవవశాన దేశం రాజు లేకుండా ఉన్న కాలమని. బేతడి పదిహేను రోజులు పాలన. తాళుడి నెల రోజులు పాలన. జటాచోడుడి ఇరవై ఏడేళ్లు శూన్యం. పొందూరు రాట్నం మీద తెగిన పోగును పురివేసి అతికినట్టు, ఆ ఖాళీకి అటూ ఇటూ చాళుక్య పేర్లను అతికేశారు. కాబట్టి రేకుల్లో కనిపించేది ఎవరు ఎంతకాలం ఏలారన్న లెక్క ఒక్కటే కాదు, ఎవరి ఏలుబడిని ఏలుబడిగా ఒప్పుకున్నారన్న తీర్పు కూడా. చరిత్ర చదివేవాళ్లు ఈ రెంటినీ విడదీసి చూడాలి.

మన వైపు కళింగ గాంగుల రేకుల్లోనూ ఇలాంటి చిట్టానే ఉంది. ముఖలింగం నుంచి ఏలిన వజ్రహస్తుడు 1057లో ఇచ్చిన నడగాం శాసనం నరసన్నపేట దగ్గర దొరికింది. అందులో అతని పూర్వీకుడు కామార్ణవుడికి అర్ధ సంవత్సరం, తమ్ముడు గుండమకు 3 ఏళ్లు, ఆ తర్వాతి తమ్ముడు మధుకామార్ణవుడికి 19 ఏళ్లు. ముగ్గురు అన్నదమ్ములు వరసగా ఎక్కారు. ఒకరినొకరు చంపుకున్నారని రేకు చెప్పదు. అరసంవత్సరం పాలన కనబడగానే కత్తి గుర్తుకు రానక్కర్లేదు, మామూలు మరణం కూడా రాజుల్ని తీసుకుపోతుంది.

బేతడు ఏమయ్యాడు? పెద్దయ్యాడు, సంతానం కలిగింది. పిఠాపురం కుంతీమాధవస్వామి గుడిలో 1202 నాటి స్తంభ శాసనం వేయించిన మల్లపదేవుడు ఆ పదిహేను రోజుల రాజునే తన మూలపురుషుడిగా చెప్పుకున్నాడు. యుద్ధమల్లుడి శాఖ మాత్రం పదో శతాబ్దం దాటాక గద్దె దరిదాపులకు రాలేదు.

ఈ కథలో మనకు తెలిసినదంతా పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో బయటపడ్డ రేకుల పుణ్యం. ఒక్కో రేకు దొరికినప్పుడల్లా తేదీలు ముందుకో వెనక్కో జరుగుతూ వచ్చాయి. కొన్ని రేకుల్లో ఎనిమిది నెలల భీముడి పేరే లేదు. మన జిల్లాల్లో ఇంకా ఎన్ని మట్టిలో ఉన్నాయో. ఎప్పుడైనా కడియానికి గుచ్చిన పాత రాగిరేకులు మీ కంటపడితే పాత సామాన్ల వాడికి తూకానికి వేయకండి, తోమి మెరుగు పెట్టకండి, కడియం కోయకండి. భూమిలో దొరికిన అలాంటి వస్తువు గురించి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి చట్టం చెబుతోంది. తహశీల్దారు ఆఫీసులో చెప్పి రసీదు తీసుకోండి.