మన్రోలప్ప: దొర పేరుకు సీమ తగిలించిన ‘అప్ప’

రాయలసీమ పల్లెల్లో ఓబులప్పలున్నారు, గంగులప్పలున్నారు, తిమ్మప్పలైతే సరేసరి. ఒకప్పుడు వీళ్ల మధ్యనే మన్రోలప్ప కూడా ఉండేవాడు. తెలుగునాట మగపిల్లలకు పెట్టిన పేర్లలో ఇంతకన్నా వింతైనది నాకు తారసపడలేదు. ఓబులప్పలో అహోబిల నరసింహుడున్నాడు, తిమ్మప్పలో తిరుమల వెంకన్న ఉన్నాడు. మన్రోలప్పలో ఉన్నదెవరంటే 1761లో స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టిన సర్ థామస్ మన్రో.

పేరు కట్టిన తీరే చాలా ముచ్చటైనది. అప్ప అంటే తండ్రి. కన్నడ గాలి తగిలే సీమ పల్లెల్లో మగవాళ్ల పేర్ల చివర గౌరవంగా వచ్చి చేరే మాట అది. మరి మధ్యలో ఆ ‘ల’ ఎక్కడిది? మన్రోలో లేదు, అప్పలోనూ లేదు. ఓబులప్ప, గంగులప్ప అని పలకడానికి అలవాటుపడ్డ నోళ్లు దొరగారి పేరునూ ఆ వరసలోకే లాక్కున్నాయని నాకనిపిస్తుంది.

కడప, బళ్లారి ప్రాంతాలను నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అవే దత్తమండలాలు. వాటికి మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. గుడారాలు వేసుకుంటూ ఊరూరా తిరిగాడు. పొలాలు కొలిపించాడు. నడుమ జమీందారు లేకుండా రైతు పేరనే శిస్తు కట్టించే రైత్వారీ పద్ధతిని నిలబెట్టాడు. పాలెగాళ్లను కఠినంగా అణచివేసినవాడూ ఆయనే; ఆ ఇళ్లలో ఈ పేరు పెట్టి ఉంటారని నేననుకోను.

పొలం కొలిచినంత మాత్రాన రైతు తన కొడుక్కి ఎవరి పేరూ పెట్టుకోడు. అసలు విషయం శిస్తులో ఉంది. తాను వేసిన శిస్తు సీమ నేలకు బరువేనని మన్రో తెలుసుకున్నాడు. నాలుగో వంతు తగ్గించాలని 1807లో పైవాళ్లకు రాస్తే వాళ్లు ఒప్పుకోలేదు. 1820లో ఆయనే మద్రాసు గవర్నరై తిరిగొచ్చి, ఆ తగ్గింపును అమలు చేయించాడు. వానకోసం మొగులు చూసే నేల మీద నాలుగో వంతు శిస్తు తగ్గడమంటే ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగడమో సీమలో పుట్టినవాళ్లకు వేరే చెప్పాలా?

1827లో, స్వదేశం వెళ్లిపోయే ముందు, దత్తమండలాల ఊళ్లను ఒక్కసారి చూసిపోదామని బయల్దేరాడు. జూలై 6న పత్తికొండలో కలరా సోకి ఆ రోజే కన్నుమూశాడు. గుత్తిలో పాతిపెట్టారు, 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. ఆయన జ్ఞాపకంగా పత్తికొండలో చింతతోపు వేసి, మెట్లబావి తవ్వించారు.

జనం అంతటితో ఊరుకోలేదు. మంత్రాలయం మాన్యం విచారణకు వెళ్లిన మన్రోతో బృందావనంలోంచి రాఘవేంద్రస్వామి మాట్లాడాడని కథ చెప్పుకున్నారు. పాపఘ్ని ఒడ్డున గండి క్షేత్రంలో, కొండకూ కొండకూ నడుమ రాముడి కోసం కట్టిన బంగారు తోరణం ఆయన కళ్లబడిందని, అది కనిపించినవాడు ఎక్కువ కాలం బతకడని, అందుకే పోయాడని మరో కథ. తిరిపెగాళ్లు ఆయన మీద పాటలు కట్టి పాడారు. ఆయన పోయిన డెబ్బై ఎనభై ఏళ్లకు కూడా కడప జిల్లాలో మగపిల్లలకు మన్రోలప్ప అని పెడుతున్నారని ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల గెజెటీర్లు రాశాయి. మద్రాసులో గుర్రం మీద కూర్చున్న ఆయన కంచు విగ్రహాన్ని పోతపోయించడానికి చందాలు కావలసివచ్చాయి. ఈ పేరుకు ఎవరూ చందా అడగలేదు.

అందుకే ఒక మనవి. పాత పట్టాల్లోనో, వంశవృక్షంలోనో, బడి రిజిస్టరులోనో ఈ పేరు కనిపిస్తే, ఏ మునిలప్పనో పొరపాటుగా రాశారనుకుని దిద్దకండి.