ఒకే వర్గం – వేరు వేరు ఫలితాలు

సూక్ష్మజీవులు మందుకు లొంగకపోవడమే నిరోధకత. ఒకే వర్గానికి చెందిన యాంటీబయాటిక్‌లు సైతం దీనిని ఒకే రీతిగా పెంచవు. అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ రెండూ మాక్రోలైడ్‌లే. 2007లో వెలువడిన బెల్జియం పరిశోధనలో 224 మంది ఆరోగ్యవంతులకు వీటిలో ఒకదానినో, ఔషధరహితమైన మాత్రలనో ఇచ్చి, వారి గొంతులోని స్ట్రెప్టోకోకస్ క్రిములను పరీక్షించారు. రెండు మందుల వలనా నిరోధక క్రిములు ప్రబలాయి. ఆ ప్రభావం సుమారు ఆరు నెలలు కొనసాగింది.

అజిత్రోమైసిన్ తీసికొన్నవారిలో అవి మరింత అధికం. 28వ రోజున ఈ భేదం మిక్కిలి ప్రస్ఫుటమైంది. ఈ మందు దేహంలో చాలా దినాలు నిలుస్తుంది. కనుకనే మూడు రోజుల మాత్రలు చాలు. రోగి మెచ్చుకొనే ఆ సౌలభ్యమే ఇచట దోషంగా పరిణమిస్తుంది! మందు మెల్లమెల్లగా క్షీణించే వేళ, లొంగే క్రిములు నశించి లొంగనివే మిగులుతాయి. అట్లని క్లారిత్రోమైసిన్ నిర్దోషి కాదు. తీవ్ర నిరోధకతనిచ్చే ‘ఈఆర్‌ఎం-బి’ జన్యువు గల క్రిములకు ఊతమిచ్చినది అదే, అజిత్రోమైసిన్ కాదు.