పోయిందనుకున్న పుస్తకం దొరికింది



మిరపకోతకు వెళ్ళినప్పుడు పాటలు పాడుకుంటాం గదా! ఒకే పాటను మన ఊళ్ళో ఒక రకంగా, పక్క ఊళ్ళో ఇంకో రకంగా పాడతారు. ఒకరు ఒక చరణం మర్చిపోతారు. ఇంకొకరు ఒక మాట మారుస్తారు. మరి అసలు పాట ఏది? తెలియాలంటే నలుగురి చేత పాడించాలి. అన్నీ పోల్చి చూడాలి.

పాత పుస్తకాల సంగతీ ఇంతే.

తాటాకు పుస్తకాలు

పూర్వం అచ్చు యంత్రాలు లేవు. తాటాకు మీద ఇనుప గంటంతో గీసి రాసేవాళ్ళు. అక్షరాలు కనపడటానికి మసి పూసేవాళ్ళు. ఇంకో పుస్తకం కావాలంటే మళ్ళీ చేత్తో రాయాల్సిందే. రాసేవాడికి చెయ్యి నొప్పి పుడుతుంది. ఒక వరస వదిలేస్తాడు. ఒక మాట తప్పు రాస్తాడు. ఆ తప్పు తర్వాతి పుస్తకంలోకీ పోతుంది. ఆకులకు చెదలు పడితే మొత్తానికే పుస్తకం పోతుంది.

600 ఏళ్ళ కిందట ఇటలీ దేశంలో కొందరు చదువరులు మఠాలు తిరిగి పాత పుస్తకాలు వెతికారు. ఒకదానితో ఒకటి పోల్చి తప్పులు దిద్దారు. మన తెలుగులో ఈ పని చేసిన వాళ్ళలో సి.పి. బ్రౌన్ ఒకరు. ఆయన ఇంగ్లీషు దొర. కడపలో, మచిలీపట్నంలో ఉద్యోగం చేశారు. కరువు రోజుల్లో మన గుంటూరులోనూ పనిచేశారు. సొంత డబ్బుతో తాటాకు పుస్తకాలు సేకరించారు. పండితులను పెట్టి పోల్పించారు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించారు.

ఈ పని మగవాళ్ళే చేశారా? కాదు. ఒక ఆడమనిషి కూడా చేసింది. ఆమె కథ వినండి.

ముద్దుపళని రాసిన పుస్తకం

సుమారు 250 ఏళ్ళ కిందట తంజావూరును ప్రతాపసింహుడు అనే రాజు ఏలాడు. తంజావూరు తమిళ దేశంలో ఉంది. అయినా ఆ కొలువులో తెలుగుకు పెద్దపీట వేశారు. అక్కడ ముద్దుపళని అనే కళావంతురాలు ఉండేది. ఆమె రాధిక సాంత్వనం అనే కావ్యం రాసింది. అందులో ఐదు వందలకు పైగా పద్యాలున్నాయి. కృష్ణుడి మీద అలిగిన రాధను ఊరడించటమే కథ. ఆడదాని ప్రేమ, అలక, కోరిక ఆడదాని మాటల్లోనే చెప్పింది. తన ఇంటి ఆడవాళ్ళ గురించి కూడా గొప్పగా రాసుకుంది.

1887లో ఈ పుస్తకం అచ్చయింది. కానీ ముద్దుపళని తన గురించి చెప్పుకున్న పద్యాలు అందులో లేవు. ఇంకొన్ని పద్యాలు కూడా వదిలేశారు.

నాగరత్నమ్మ పట్టుదల

బెంగుళూరు నాగరత్నమ్మ 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టింది. దేవదాసీ కుటుంబం. మద్రాసులో గొప్ప గాయనిగా పేరు తెచ్చుకుంది. ఆమె ఒక పుస్తకంలో ముద్దుపళని పేరు చూసింది. అచ్చు పుస్తకం సంపాదించి చదివింది. తర్వాత చేత్తో రాసిన పాత ప్రతి దొరికింది. రెండూ పక్కన పెట్టి చూస్తే ఏముంది? అచ్చులో పద్యాలు తగ్గాయి! వదిలేసిన పద్యాలన్నీ చేర్చి, పుస్తకాన్ని సరిచేసింది. 1910లో వావిళ్ళ వారు దాన్ని అచ్చు వేశారు.

అంతే, గొడవ మొదలైంది. ఇది బూతు పుస్తకమన్నారు కొందరు. కందుకూరి వీరేశలింగం గారు కూడా ఈ కావ్యాన్ని తప్పుపట్టారు. నాగరత్నమ్మ ఊరుకోలేదు. మగకవులు ఇంతకంటే పచ్చిగా రాసిన పుస్తకాలను పొగుడుతున్నారు గదా, ఆడది రాస్తేనే తప్పు అయిందా అని అడిగింది. 1911లో ఇంగ్లీషు ప్రభుత్వం పుస్తకాలు పట్టుకుపోయింది. నిషేధం పెట్టింది.

ఆ నిషేధం 36 ఏళ్ళు ఉంది. ఎత్తేసింది ఎవరో తెలుసా? టంగుటూరి ప్రకాశం పంతులు గారు. మన ప్రకాశం జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఆయన మద్రాసు రాష్ట్ర ప్రభుత్వాన్ని నడిపిన రోజుల్లో, 1947లో నిషేధం పోయింది. 1952లో పుస్తకం మళ్ళీ అచ్చయింది. ఆ ఏడాదే నాగరత్నమ్మ కన్నుమూసింది.

మనకేం తెలుస్తుంది?

ఒక ఆడది రాసింది. ఇంకొకరు అచ్చు వేసేటప్పుడు ఆమె తన గురించి చెప్పుకున్న పద్యాలు తీసేశారు. ఆమె రాసిన 100 ఏళ్ళకు పైగా గడిచాక ఇంకో ఆడది చదివింది, పోల్చింది, లోటు కనిపెట్టింది. చదువు వచ్చింది కాబట్టే కనిపెట్టగలిగింది. ఎవరో చదివి చెబితే విని ఊరుకుంటే, పోయిన పద్యాలు పోయినట్టే ఉండేవి.

మనమూ అంతే. కాగితం మీద ఏముందో మన కళ్ళతో చూడాలి. రెండు కాగితాలుంటే రెండూ చదివి పోల్చాలి. ఏది తగ్గిందో, ఎందుకు తగ్గిందో అడగాలి.

ఆలోచించండి - మాట్లాడుకోండి

1. చేత్తో రాసిన పుస్తకాల్లో తప్పులు ఎలా వస్తాయి?
2. ముద్దుపళని తన గురించి రాసుకున్న పద్యాలు ఎందుకు తీసేసి ఉంటారు?
3. మీ ఊళ్ళో పెద్దవాళ్ళు పాడే ఒక పాట ఇద్దరి చేత పాడించండి. రాసుకోండి. తేడాలు చూడండి. పాడిన వాళ్ళ పేర్లు రాయటం మర్చిపోకండి.