తొలకరి వాసన

గోరంట్ల సీమలో వాన దూరపు చుట్టము వంటిది. ఎప్పుడు వచ్చునో తెలియదు, వచ్చినను నిలువదు. చిత్రావతి ఇసుక కాగి, వేరుసెనగ రైతు మబ్బువంక చూచుచుండగా, నాలుగు చినుకులు రాలినంతనే నేలనుండి కమ్మని వాసన లేచును. ఆ వాసన నెరుగనివారు ఇచట లేరు. కాని దానికిని, మందుల అంగడిలోని మాత్రలకును చుట్టరికము కలదని యెరిగినవారు కొలదిమందియే.

మట్టిలో నివసించు స్ట్రెప్టోమైసిస్ అను సూక్ష్మజీవులు పుట్టించు జియోస్మిన్ అను పదార్థమే ఆ వాసనకు ముఖ్యకారణము. ఈ జాతినుండియే 1943లో వాక్స్‌మన్ ప్రయోగశాలలో, ఆయన శిష్యుడు షాట్జ్ చేతిమీదుగా, క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ వెలువడెను. అమెరికాలోని మిస్సోరీ మట్టిలో దొరకిన మరియొక జీవినుండి డగ్గర్ పండితుడు ఆరియోమైసిన్ కనుగొనెను. 1948లో లోకమునకు వెల్లడియైన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబమునకు పెద్దబిడ్డ. ఆ పరిశోధన సాగిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతి ఎవరు? 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు!

ఈ మందులు మనలను విడిచి సూక్ష్మజీవినే ఎట్లు దెబ్బతీయును? పెనుగొండ కోటను తలచుకొనుడు. కోటను పట్టుటకు మార్గములు పెక్కు. పెన్సిలిన్ గోడపై పడును. బాక్టీరియా పెరుగునపుడు కట్టుకొను కొత్తగోడకు అతుకు పడనీయదు; లోపలి ఒత్తిడికి జీవి పగిలిపోవును. మన జీవకణములకు అట్టి గోడయే లేదు గనుక మనకు ఆ దెబ్బ తగులదు.

టెట్రాసైక్లిన్ కోటలోని పనిశాలను పట్టును. మాంసకృత్తులను కూర్చు రైబోసోములకు ముడిసరకు అందకుండ అడ్డుపడును. స్ట్రెప్టోమైసిన్ అచటనే ఆజ్ఞాపత్రమును తప్పుగా చదివించును. ఎరిత్రోమైసిన్ తయారగుచున్న గొలుసును వెలికి రానీయదు. మన రైబోసోముల కట్టడి వేరు. సిప్రోఫ్లాక్సాసిన్ డి.ఎన్.ఏ. మెలికలను సవరించు ఎంజైములను బంధించును. రిఫాంపిసిన్ దాని నకలు వ్రాయనీయదు.

సల్ఫా మందులు కోటలోని వంటయింటిని మూయించును. బాక్టీరియా తనకు వలయు ఫోలిక్ ఆమ్లమును తానే వండుకొనవలెను. మనకు అది ఆకుకూరలలో లభించును. 1945లో సుబ్బారావుగారి బృందము ప్రయోగశాలలో నిర్మించినది ఈ ఫోలిక్ ఆమ్లమునే.

కాని కోటలోనివారును ఊరకుండరు. కొన్ని జీవులు పెన్సిలిన్‌ను ఖండించు ఎంజైమును తయారుచేయును. కొన్ని టెట్రాసైక్లిన్‌ను లోనికి వచ్చినది వచ్చినట్లే తోడిపోయును. మందు సగములో మానినచో దుర్బలములు చచ్చి, మొండివి మిగిలి, వాని సంతతియే పెరుగును. తక్కువ మోతాదు వలన ఇట్టి ముప్పు కలుగునని ఫ్లెమింగ్ 1945లోనే, నోబెల్ ఉపన్యాసమున హెచ్చరించెను.

కొన్నేండ్ల క్రిందట నా విద్యార్థి ఒకనికి క్షయ సోకెను. ఆరు నెలలు వాడవలసిన మందును, దగ్గు తగ్గినదని రెండు నెలలకే మానెను. బస్సుఖర్చు మిగులునని తల్లియు సంతోషించెను. వ్యాధి తిరుగబెట్టినపుడు మునుపటి మాత్రలు పనిచేయలేదు. తుదకు కోలుకొనెను గాని, రెండేండ్ల చదువును, ఇంటనున్న పాడియావును పోయినవి. ‘దగ్గు తగ్గుట వేరు, రోగము పోవుట వేరు’ అని వానికి ముందే ఒక్కమాట చెప్పినవారు లేకపోయిరి. తెలుగు పాఠము చెప్పుకొను నేనును చెప్పలేదు.

ఉపాధ్యాయులారా, ఆ మాట మీరు చెప్పుడు. జలుబు వంటి వైరసు వ్యాధులకు ఈ మందులు పనిచేయవనియు, వైద్యుడు చెప్పనిదే వాడరాదనియు, చెప్పినన్నాళ్లు వాడవలెననియు చెప్పుడు. ఈ యేడు తొలకరి పడినపుడు పిల్లలను బడి వాకిటికి పిలిచి, ఆ మట్టివాసన చూపి, పాఠము అచటనే మొదలుపెట్టుడు.