ఆవర్జా నుండి కంప్యూటరునకు: సభ్యులు సరిచూచుకొనవలసిన లెక్క

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరులలోనికి మార్చు పథకమును కేంద్రప్రభుత్వము 2022 జూన్ 29వ తేదీన ఆమోదించెను. ఆనాడు 63,000 సంఘములకు 2,516 కోట్ల రూపాయలు నిర్ణయింపబడినవి. సంఘములను జిల్లా, రాష్ట్ర సహకార బ్యాంకులతో ఒకే విధమగు సాఫ్ట్‌వేరు ద్వారా కలుపుట దీని యుద్దేశము.

పూర్వము అప్పుల ఆవర్జా వేరు, వాటాధనపు పుస్తకము వేరు, ఎరువుల చిట్టా వేరు. ఒకదానిలోని తప్పు రెండవదానికి సోకెడిది కాదు. క్రొత్తపద్ధతిలో సభ్యుని పేరు, సభ్యత్వసంఖ్య మున్నగునవి ఒక్కచోటనే యుండును. అన్ని పద్దులకును అదియే ఆధారము. అచట దిద్దినచో అంతటను దిద్దుబాటగును. అచట తప్పినచో అంతటను తప్పే. తూమువద్ద కలిసిన మురికి కాలువలన్నిటికిని పారును గదా!

పాతపుస్తకములలోని పొరపాటులను యంత్రము తనంతట సవరింపజాలదు. ఒకే రైతు ఒకచోట వెంకయ్య, వేరొకచోట వెంకటయ్య యని నమోదైనచో ఇద్దరు సభ్యులుగా నెంచబడవచ్చును. అప్పుడు చెల్లించిన సొమ్ము ఒక పేరున జమపడి, బాకీ వేరొక పేరున వడ్డీతో పెరుగుచుండును.

కావున లెక్క మార్చు తేదీనాటికి తమ అప్పు నిలువను, వడ్డీని, వాటాధనమును రసీదులతో సరిచూచుకొనుడని సభ్యులను కోరుచున్నాము. రెండు లెక్కల మొత్తములును, ఒక్కొక్క సభ్యుని నిలువయు పైసాతోసహా సరిపోవువరకు పాత ఆవర్జాను మూయరాదని మా యభిప్రాయము. తేడా కనబడినచో కార్యదర్శికి వ్రాతమూలముగా తెలిపి, అందినట్లు సంతకము పొందుడు. పాతరసీదులను మాత్రము పారవేయకుడు.