పురుగుమందు విషం: అట్రోపిన్ విరుగుడు పనిచేసే తీరు

హోసూరు, సూళగిరి, రాయకోట ప్రాంతాలలో టమోటా, క్యాబేజీ, గులాబీ సాగుచేసే ఇళ్ళలో పురుగుమందు సీసా ఏదో ఒక మూల ఉండనే ఉంటుంది. అందులోని మందు ఆర్గానోఫాస్ఫేట్ జాతిదై, పొరపాటున ఒంటిలో చేరితే, ఆసుపత్రిలో సూది వెంట సూది వేస్తారు. అది ఎందుకో తెలియక బంధువులు బెదిరి రోగిని మధ్యలోనే ఇంటికి తీసుకొనిపోతే ప్రాణానికే ముప్పు.

గుండె కొట్టుకోవడం, అన్నం అరగడం, చెమట పట్టడం మన ఆజ్ఞ కోసం ఆగవు. వీటిని నడిపేది స్వయంచోదిత నాడీవ్యవస్థ. దీనికి రెండు శాఖలు. కుక్క వెంటబడినపుడు గుండెను పరుగెత్తించి, నోరు ఎండజేసి, కంటిపాపను పెద్దది చేసేది సహానుభూత శాఖ. భోంచేసి అరుగుమీద కూర్చున్నపుడు గుండెను నెమ్మదింపజేసి, లాలాజలాన్ని, జీర్ణరసాలను ఊరించేది సహానుభూతపర శాఖ. బండి ఎద్దుకు ఒకటి ముల్లుకర్ర, మరొకటి పగ్గం వంటివి.

నాడి తన ఆజ్ఞను రసాయనం ద్వారా అందజేస్తుంది. 1921లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో ఆటో లోవీ ఒక కప్ప గుండెకు చెందిన నాడిని ప్రేరేపించి దాని వేగం తగ్గించారు. ఆ గుండెను తడిపిన ద్రవాన్ని మరొక కప్ప గుండెకు అందించగా అదీ నెమ్మదించింది. ఆ ద్రవంలోని దూత ఎసిటైల్ కోలిన్. 1936లో లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి లభించింది.

దూత పని ముగియగానే ఒక ఎంజైము దానిని క్షణంలో ముక్కలు చేస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ మందు పట్టుకొనేది సరిగ్గా ఆ ఎంజైమునే. మడవ కట్టేవాని చేతులు కట్టేస్తే మడి ఏమవుతుంది? ఒంటిలోనూ అంతే. నోట చొంగ, కంట నీరు, చెమటలు, వాంతులు, విరేచనాలు. కంటిపాప గుండుసూది తలంత అవుతుంది, గుండె మందగిస్తుంది. ఊపిరితిత్తులలో నీరు ఊరి రోగికి ఊపిరాడదు. కండరాలు మొదట అదిరి, తరువాత చచ్చుబడతాయి.

2013 జూలై 16న బీహారులోని సారన్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది బడిపిల్లలు మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసినట్లు పరీక్షలో తేలింది. కూరగాయలపై ఆ మందు వాడకం 2005లోనే నిషిద్ధం.

అట్రోపిన్ ఆ ఎంజైమును విడిపించదు. అవయవంపై ఎసిటైల్ కోలిన్ కూర్చునే పీటను తాను ఆక్రమిస్తుంది, అంతే. దూతలు ఎందరున్నా కూర్చోవడానికి చోటుండదు. అందుకే విషం ఎంత ఎక్కువైతే మందు అంత ఎక్కువ కావాలి. మన దేశంలో సాధారణంగా దొరికే ఆంప్యూలులో ఉండేది 0.6 మిల్లీగ్రాములే. పెద్దవారికి మొదట 1 నుండి 3 మిల్లీగ్రాములు ఇచ్చి, రొమ్ములో గురగుర తగ్గి గుండె వేగం పుంజుకొనేవరకు ప్రతి 5 నిమిషాలకు మోతాదును రెట్టింపు చేస్తారు. కనుక పక్కన ఖాళీ ఆంప్యూళ్ళు కుప్పపడడం వింత కాదు. మందు కొంత మించితే రోగి ఒళ్ళు కాలుతుంది, నోరెండుతుంది, కలవరిస్తాడు. వైద్యులు చూసి మోతాదు తగ్గిస్తారు. దానిని చూసి మందు వికటించిందని రోగిని తరలించరాదు.

ఇంకొకటి ముఖ్యం. చచ్చుబడిన కండరాలపై అట్రోపిన్ పనిచేయదు. తేరుకున్నట్లు కనిపించిన రోగికి 1 నుండి 4 రోజుల మధ్య మెడ వాలి, శ్వాస కండరాలు బలహీనపడి, కృత్రిమ శ్వాస అవసరం కావచ్చు. అందువలన లేచి కూర్చున్నాడని మరునాడే ఇంటికి తెచ్చుకోవడం తగదు.

అట్రోపిన్ మన గట్ల మీది ఉమ్మెత్తలోనూ ఉన్నది. తమిళులు ఊమత్తై అనే ఈ మొక్క టమోటా, వంకాయల కుటుంబానిదే. అయితే కాయకాయకూ విషం మోతాదు మారుతుంది గనుక ఉమ్మెత్త గింజ నూరి పోయడం ఒక విషంపై మరొక విషం పోయడమే. ఉప్పునీరు తాగించి కక్కించడమూ ప్రమాదమే. తడిసిన బట్టలు వెంటనే విప్పి, చేతులకు తొడుగులు వేసుకొని, ఒళ్ళు సబ్బుతో కడగాలి. 108కు ఫోను చేయాలి. స్పృహ లేకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

హోసూరు ప్రభుత్వ ఆసుపత్రికి గాని, కృష్ణగిరి ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రికి గాని వెళ్ళేటప్పుడు మందు సీసాను, దానితో వచ్చిన కరపత్రాన్ని వెంట తీసుకెళ్ళాలి. అందులో మందు పేరు, విష లక్షణాలు, విరుగుడు ముద్రించి ఉంటాయి. వైద్యునికి తెలుగు రాకపోయినా, వెంట వచ్చినవారికి తమిళం తడబడినా ఆ కాగితం చాలు.