సెప్సిస్ చికిత్స – నూతన మార్గములు

కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినపుడు "సెప్టిక్ అయినది" అనుట మన ప్రజలలో వాడుక. వైద్యులు చెప్పెడి సెప్సిస్ అంతకంటె ఎంతయో ప్రమాదకరమైనది. పుండు, న్యుమోనియా, మూత్రకోశవ్యాధి, ప్రసవానంతర జ్వరము మున్నగు వానిలో సూక్ష్మజీవులతో పోరాడవలసిన రక్షణశక్తి ఒక్కొక్కసారి అదుపు తప్పి సొంత అవయవములనే దెబ్బతీయును. అప్పుడు రక్తపు పోటు పడిపోవును. ఊపిరితిత్తులు, మూత్రపిండములు, మెదడు సరిగా పనిచేయవు. ఇదియే సెప్సిస్. 2017వ సంవత్సరమున ప్రపంచములో సుమారు 4 కోట్ల 89 లక్షల మందికి ఈ స్థితి కలిగెననియు, 1 కోటి 10 లక్షల మంది దీనివలన మరణించిరనియు అంచనా.

ఇట్లు అదుపు తప్పిన శక్తిని ఒక్క మందుతో సరిచేయవచ్చునని శాస్త్రజ్ఞులు చాలకాలము ఆశించిరి. 2001లో అమెరికాలో అనుమతి పొందిన యాక్టివేటెడ్ ప్రోటీన్-సి అను మందు ప్రాణములను కాపాడుచున్నట్లు తేలనందున 2011లో ఉపసంహరింపబడెను. సిరలద్వారా విటమిన్-సి నిచ్చు పద్ధతియు 2022లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో మేలుకంటె కీడునే చూపెను. రక్షణశక్తి రోగులందరిలో ఒకే విధముగా చెడదు. కొందరిలో అది మితిమీరును, కొందరిలో క్షీణించును. కావున ఏ రోగిలో ఎట్టి మార్పు కలిగినదో రక్తపరీక్షలవలన గుర్తించి, దానికి తగిన మందు నిచ్చు మార్గమును అన్వేషించుచున్నారు. ఇది ఇంకను పరిశోధన దశలోనే యున్నది.

నేటి చికిత్సలో ముఖ్యమైనది కాలము. 2021 నాటి అంతర్జాతీయ సూచనల ప్రకారము, సెప్సిస్ వలన రక్తపు పోటు పడిపోయిన రోగికి ఒక గంటలోపల యాంటీబయాటిక్ మందు నీయవలెను. సిరలద్వారా ద్రవములను కొలత ప్రకారము ఎక్కించుట, రక్తపు పోటును నిలుపుటకు నార్ఎడ్రినలిన్ ఇచ్చుట, చీముగడ్డ యున్నచో దానిని తొలగించుట ఈ చికిత్సలో భాగములు.

నివారణ విషయమున మన దేశమునందును కృషి జరిగినది. ఒడిషా గ్రామములలో 4,500కు పైగా పసికందులతో జరిపిన పరిశోధన ఫలితములు 2017లో వెలువడినవి. మేలుచేయు బాక్టీరియాను నోటిద్వారా ఇచ్చిన శిశువులలో సెప్సిస్, మరణములు కలిపి 40 శాతము తగ్గినవి. భారతదేశముతో సహా 7 దేశములలో జరిపి 2023లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, ప్రసవవేదన సమయమున ఒక్కసారి ఇచ్చిన అజిత్రోమైసిన్ వలన తల్లులలో సెప్సిస్ లేక మరణము సుమారు మూడవవంతు తగ్గినది.

జ్వరముగాని, పుండుగాని కలిగిన మనిషి మాటలు తడబడినను, మగతగా పడియున్నను, వేగముగా ఊపిరి పీల్చుచున్నను, మూత్రము తగ్గినను, చర్మము చల్లబడి మచ్చలు కనిపించినను ఆలస్యము చేయరాదు. పసిబిడ్డ పాలు త్రాగుట మానినను ఇట్లే ఎంచవలెను. ఇంటిలో మిగిలియున్న మాత్రలు వేసి తెల్లవారువరకు వేచియుండుట ప్రాణాపాయకరము. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయి, "ఇది సెప్సిస్ కావచ్చునా?" అని వైద్యుని అడుగవలెను.